పెరుగు, కెఫీర్, పులిసిన కూరగాయలు, ప్రోబయోటిక్ క్యాప్సూల్: ఎవరికి ఏది సరిపోతుంది?

పొట్టకు మేలు చేసే బ్యాక్టీరియా తీసుకుందామని అనుకున్నాక చాలామంది ఒకే చోట ఆగిపోతారు. దేని రూపంలో తీసుకోవాలి? పెరుగు చాలా, కెఫీర్ అనే పులిసిన పాల పానీయం మొదలుపెట్టాలా, సౌర్‌క్రాట్, కిమ్చీ లాంటి పులిసిన క్యాబేజీ రకాలు తినాలా, లేక రోజుకో క్యాప్సూల్ వేసుకుంటే సరిపోతుందా? ప్యాకెట్ల మీద చూస్తే అన్నిటికీ దాదాపు ఒకే మాటలు రాసి ఉంటాయి. అన్నిట్లోనూ ఉండేది లాక్టిక్ యాసిడ్ బ్యాక్టీరియానే కాబట్టి ఏది తీసుకున్నా ఒకటేనని అనిపిస్తుంది. కానీ ఒకటి కాదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రత్యేకమైన ఇబ్బంది ఏదీ లేని మనిషికి పులిసిన ఆహారం చాలు, క్యాప్సూల్ అక్కర్లేదు. ఫలానా సమస్య అని ఉంటే మాత్రం, ఆ సమస్య మీద పరీక్షించి చూసిన స్ట్రెయిన్ (ఒకే జాతి బ్యాక్టీరియాలోని ప్రత్యేక రకం) ఏదో తెలుసుకుని, అదే స్ట్రెయిన్‌ను, ప్రయోగంలో ఇచ్చినంత మోతాదులో తీసుకోవాలి. ఈ రెండూ కాకుండా "ఏదో ఒక ప్రోబయోటిక్ వేసుకుంటే మంచిదేగా" అన్న దారిలో డబ్బు పోతుంది కానీ ఫలితానికి ఆధారం దొరకదు.

## ఈ బ్యాక్టీరియా చేసే పని

చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లాన్ని వదలడం వీటి బతుకుతెరువు. ఇది జీవులు చేసే పని అని 1857లో లూయీ పాశ్చర్ చూపించాడు. అంతకుముందు పాలు పులవడాన్ని ఉత్త రసాయన మార్పుగా చూసేవాళ్లు ఎక్కువ. ఆమ్లం పెరిగేకొద్దీ పీహెచ్ (పులుపు కొలత, ఎంత తగ్గితే అంత పులుపు) పడిపోతుంది, ఆహారాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చాలావరకు ఆ పులుపులో బతకలేవు. ఫ్రిజ్ లేని కాలంలో పాలనూ కూరగాయలనూ నిలవ ఉంచడానికి మనుషులకు దొరికిన నమ్మకమైన మార్గాల్లో ఇదొకటి.

వీటిలో రెండు తరహాలు ఉన్నాయి. కొన్ని గ్లూకోజ్‌ను దాదాపు పూర్తిగా లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. మరికొన్ని దాంతోపాటు కార్బన్ డయాక్సైడ్, ఆల్కహాల్ లేదా అసిటిక్ ఆమ్లం కూడా తయారుచేస్తాయి. పులిసిన క్యాబేజీ సీసా మూత తీయగానే బుస్సుమని గాలి రావడం, పెరుగులో అలా జరగకపోవడం ఈ తేడా వల్లే.

ఆరోగ్యం సంగతి తర్వాత వచ్చింది. 1905లో స్టామెన్ గ్రిగోరోవ్ అనే బల్గేరియా విద్యార్థి జెనీవాలో యోగర్ట్ నుంచి ఒక కొత్త బ్యాక్టీరియాను పట్టుకున్నాడు. పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసే ఎలీ మెచ్నికాఫ్ దాన్ని అందుకుని, పులిసిన పాలు ముసలితనాన్ని వెనక్కి నెడతాయని వాదించాడు. ఆయనకు 1908లో వచ్చిన నోబెల్ బహుమతి రోగనిరోధక శక్తి మీద చేసిన పనికి, ఈ వాదనకు కాదు. ఈ రెండూ కలిపేసి చెప్పే ప్రకటనలు కనిపిస్తే గుర్తుంచుకోండి.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటి ప్రశ్న మీ అవసరం గురించి. పాలు తాగితే పొట్ట ఉబ్బరమా? యాంటీబయోటిక్ కోర్సు నడుస్తోందా? పసిబిడ్డ ఆపకుండా ఏడుస్తోందా? లేక ఏ ఇబ్బందీ లేదు, భోజనం కాస్త మెరుగుపడాలి అంతేనా? ఈ జవాబు లేకుండా మిగతా పోలికకు అర్థం లేదు.

రెండోది, తినే సమయానికి బ్యాక్టీరియా బతికే ఉందా అన్నది. పులిసిన ఆహారం అంటే బతికున్న బ్యాక్టీరియా ఉన్న ఆహారమని కాదు. నిలవ కోసం పులిసిన తర్వాత వేడిచేసి సీల్ వేసిన సీసాలో రుచి ఉంటుంది, ఆమ్లం ఉంటుంది, బతికున్న బ్యాక్టీరియా ఉండదు. సోర్‌డో రొట్టె కూడా అంతే. పిండిని పులిపించిన బ్యాక్టీరియా ఓవెన్‌లో చచ్చిపోతుంది. ఆ రొట్టెకు వేరే మంచి గుణాలు ఉన్నాయి, పులిసేటప్పుడు ధాన్యంలోని ఫైటిక్ ఆమ్లం తగ్గి ఖనిజాలు ఒంటికి పట్టడం వాటిలో ఒకటి. కానీ బ్యాక్టీరియా కోసం దాన్ని తినడంలో లాభం లేదు. వెనిగర్ పోసి పెట్టిన కూరగాయల్లో ఆ పులుపు బయటి నుంచి పోసింది, కూరగాయ పులిసి వచ్చింది కాదు. కొంబుచాలో ముఖ్యంగా ఉండేవి అసిటిక్ ఆమ్ల బ్యాక్టీరియా, ఈస్ట్. అందుకే ఈ మూడింటినీ పోలికలోంచి తీసేస్తున్నాను.

మూడోది సంఖ్య. దీన్ని సీఎఫ్‌యూలలో చెబుతారు, అంటే పెరిగి గుంపు కట్టగలిగిన బతికున్న కణాల లెక్క. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు రాసే కోడెక్స్ ప్రకారం యోగర్ట్‌లో తోడు బ్యాక్టీరియా గ్రాముకు కనీసం 1 కోటి ఉండాలి. అదనంగా ఇంకేదైనా బ్యాక్టీరియా పేరు లేబుల్ మీద రాస్తే అది గ్రాముకు కనీసం 10 లక్షలు ఉండాలి.

నాలుగోది స్ట్రెయిన్. జనం తక్కువగా పట్టించుకునేదీ, అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చేదీ ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. బ్యాక్టీరియా పూర్తి పేరులో మూడు భాగాలు ఉంటాయి: ప్రజాతి, జాతి, స్ట్రెయిన్. లాక్టికేసీబాసిల్లస్ రామ్నోసస్ జీజీ అన్న పేరులో చివరి జీజీ స్ట్రెయిన్‌ను చెబుతుంది. షెర్వుడ్ గోర్బాక్, బ్యారీ గోల్డిన్ 1980లలో దీన్ని వేరుచేశారు, వాళ్ల ఇంటిపేర్లలోని మొదటి అక్షరాలే ఆ రెండు జీలు. జీజీ మీద వచ్చిన ఫలితాన్ని అదే జాతికి చెందిన మరో స్ట్రెయిన్‌కు అంటగట్టడానికి లేదు. ప్యాకెట్ మీద జాతి వరకే రాసి స్ట్రెయిన్ వదిలేస్తే, ఏ పరిశోధన దానికి వర్తిస్తుందో కొనేవాళ్లకు తెలిసే దారి లేదు.

పేర్ల విషయంలో ఇంకో గందరగోళం కూడా ఉంది. 2020లో శాస్త్రవేత్తలు లాక్టోబాసిల్లస్ అనే పెద్ద ప్రజాతిని 25 ప్రజాతులుగా విడగొట్టారు. దాంతో లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ కాస్తా లాక్టిప్లాంటిబాసిల్లస్ ప్లాంటారమ్ అయింది, లాక్టోబాసిల్లస్ రూటరీ కాస్తా లిమోసిలాక్టోబాసిల్లస్ రూటరీ అయింది. ఒక ప్యాకెట్ మీద పాత పేరు, ఇంకోదాని మీద కొత్త పేరు కనిపిస్తే టెన్షన్ పడొద్దు. చివర ఉన్న స్ట్రెయిన్ గుర్తు కలిస్తే రెండూ ఒకటే.

ఐదోది, బ్యాక్టీరియాతో పాటు లోపలికి ఇంకేం వెళ్తోంది అన్నది: ఉప్పు, కలిపిన చక్కెర, లాక్టోజ్, కొద్దిపాటి ఆల్కహాల్. ఇక ఆరోది తీసుకునే మనిషి ఒంటి పరిస్థితి. ఇది చివర్లో చెప్తాను, కానీ ప్రమాదం దాగి ఉన్నది అక్కడే.

## ఒక్క చూపులో

| చూడాల్సిన విషయం | పెరుగు, యోగర్ట్ | కెఫీర్ | ఉప్పులో పులిసిన కూరగాయలు | క్యాప్సూల్ |
|---|---|---|---|---|
| బతికున్న బ్యాక్టీరియా | పులిసిన తర్వాత వేడిచేయకపోతే ఉంటుంది | ఉంటుంది, ఈస్ట్ కూడా ఉంటుంది | వేడిచేయనివాటిలోనే | తయారీ, నిలవ మీద ఆధారం |
| స్ట్రెయిన్ తెలుస్తుందా | అదనంగా కలిపితేనే | సాధారణంగా తెలియదు | తెలియదు | మంచి బ్రాండ్ అయితే తెలుస్తుంది |
| గట్టి ఆధారం ఉన్న ఉపయోగం | లాక్టోజ్ అరగడం | లాక్టోజ్ అరగడం (ఆధారం తక్కువ) | మిగతా పులిసిన ఆహారంతో కలిపి చూసినప్పుడే | కొన్ని సమస్యలకు, కొన్ని స్ట్రెయిన్లకు |
| పోషకాలు | ప్రొటీన్, కాల్షియం | ప్రొటీన్, కాల్షియం | పీచు, విటమిన్ సి | లేవు |
| జాగ్రత్తపడాల్సింది | కలిపిన చక్కెర | కొద్దిపాటి ఆల్కహాల్ | ఉప్పు | జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లు |

## పెరుగు, యోగర్ట్

యోగర్ట్ అనే పేరు పెట్టాలంటే రెండు బ్యాక్టీరియాలు కావాలి: స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్, లాక్టోబాసిల్లస్ బల్గారికస్. ఈ రెండూ 40 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఒకదానికొకటి సాయం చేసుకుంటాయి. బల్గారికస్ పాల ప్రొటీన్‌ను ముక్కలు చేసి అమైనో ఆమ్లాలు అందిస్తుంది. థర్మోఫిలస్ బదులుగా ఫార్మిక్ ఆమ్లం, కార్బన్ డయాక్సైడ్ ఇచ్చి బల్గారికస్‌ను పెంచుతుంది. ఏ ఒక్కటీ విడిగా అంత వేగంగా పులిపించలేదు. పీహెచ్ 4.6 దగ్గరికి దిగేసరికి కేసిన్ అనే పాల ప్రొటీన్ గడ్డకట్టి పెరుగు తోడుకుంటుంది.

ముందటి పెరుగులోంచి కొంచెం తీసి తోడు వేసేవాళ్ల సంగతి వేరు. అందులో ఏ బ్యాక్టీరియా ఎంత ఉందన్నది తోడునుబట్టి, వేడినుబట్టి మారుతూ ఉంటుంది. ఆహారంగా దానికి ఏ లోటూ లేదు. కానీ ఫలానా స్ట్రెయిన్ ఫలానా మోతాదులో కావాలనుకునేవాళ్లకు అది పనికిరాదు.

పెరుగుకు ఉన్న గట్టి బలం లాక్టోజ్. పాలు తాగితే ఉబ్బరం, గ్యాస్, విరేచనాలు అయ్యేవాళ్లలో లాక్టోజ్‌ను విడగొట్టే ఎంజైమ్ చిన్నపేగులో తక్కువగా ఉంటుంది. యోగర్ట్ బ్యాక్టీరియా దగ్గర ఆ పని చేసే ఎంజైమ్ ఉంది. పులిసేటప్పుడు లాక్టోజ్‌లో కొంత భాగం ఎలాగూ ఖర్చవుతుంది. అసలు లాభం తిన్న తర్వాత వస్తుంది: బ్యాక్టీరియా కణాలు చిన్నపేగుకు చేరాక తమ ఎంజైమ్‌తో అక్కడే లాక్టోజ్‌ను విరగ్గొడతాయి. 1984లో వచ్చిన ఒక ప్రయోగంలో, లాక్టోజ్ అరగనివాళ్లకు సమానమైన లాక్టోజ్‌ను పాల రూపంలోనూ యోగర్ట్ రూపంలోనూ ఇచ్చి, ఊపిరిలో వచ్చే హైడ్రోజన్‌ను కొలిచారు. అరగని లాక్టోజ్‌కు ఆ హైడ్రోజనే గుర్తు. యోగర్ట్ తిన్నప్పుడు అది మూడో వంతుకు పడిపోయింది. పులిసిన తర్వాత వేడిచేసి బ్యాక్టీరియాను చంపిన యోగర్ట్‌లో ఈ లాభం చాలా తగ్గిపోతుంది.

యూరప్ ఆహార భద్రతా సంస్థ ప్రోబయోటిక్స్ మీద వచ్చిన ఆరోగ్య ప్రచార వాక్యాల్లో అత్యధిక భాగాన్ని తిప్పికొట్టింది. ఈ ఒక్కదాన్ని మాత్రం 2010లో ఒప్పుకుంది. షరతు ఏమిటంటే గ్రాముకు కనీసం 10 కోట్ల బతికున్న యోగర్ట్ బ్యాక్టీరియా ఉండాలి. ఇంత కఠినంగా వడపోసిన చోట నిలబడిందంటే ఆ ఆధారానికి నేను చాలా విలువ ఇస్తాను.

పెరుగు బ్యాక్టీరియా పేగులో స్థిరపడిపోతుందని మాత్రం ఆశపడొద్దు. దారిలో పని చేసి వెళ్లిపోతుంది. అందుకే ఎప్పుడో ఒకసారి గిన్నెడు తినడం కన్నా రోజూ కొంచెం తినడం నయం. పండ్ల రుచులు కలిపిన యోగర్ట్‌లో చక్కెర ఎంత కలిపారో చూడకుండా కొనొద్దు.

## కెఫీర్

కెఫీర్ కాకసస్ కొండ ప్రాంతం నుంచి వచ్చింది. దీని తోడు కాలీఫ్లవర్ ముక్కల్లా కనిపించే తెల్లటి గింజలు. వాటిలో లాక్టిక్ యాసిడ్ బ్యాక్టీరియా, ఈస్ట్, అసిటిక్ ఆమ్ల బ్యాక్టీరియా అన్నీ కెఫిరాన్ అనే జిగురు చక్కెరలో చిక్కుకుని కలిసి బతుకుతాయి. యోగర్ట్‌కు కావలసిన వేడి దీనికి అక్కర్లేదు, గది వేడి చాలు. సుమారు ఒక రోజులో పాలు పుల్లగా, కొంచెం నురగతో పలుచగా తయారవుతాయి.

పెరుగుతో పోలిస్తే కెఫీర్‌లో సూక్ష్మజీవుల రకాలు ఎక్కువ. రకాలు ఎక్కువ ఉంటే మేలూ ఎక్కువేనని చాలామంది రాస్తారు. మనుషుల మీద చేసిన ప్రయోగాలు ఆ మాట అనడానికి సరిపడా లేవు. లాక్టోజ్ అరగనివాళ్లకు పాల కన్నా కెఫీర్ తేలిక అని చిన్న ప్రయోగాల్లో తేలింది, కానీ పెరుగును మించి ఏం చేస్తుందో చూపించిన గట్టి ఆధారం లేదు. ఇంకో విషయం, ప్యాకెట్లలో వచ్చే కెఫీర్‌లో చాలావరకు అసలు గింజలతో కాక, ఎంపిక చేసిన కొన్ని కల్చర్లతో తయారైనదే. అందుకే గింజల కెఫీర్ గురించి చదివిన ఫలితం ప్యాకెట్ కెఫీర్‌కు వర్తించకపోవచ్చు.

ఈస్ట్ వల్ల కెఫీర్‌లో కొద్దిగా ఆల్కహాల్ ఉంటుంది. ఎక్కువసేపు పులిస్తే అది పెరుగుతుంది. ఆల్కహాల్ చుక్క కూడా వద్దనుకునేవాళ్లు పెరుగుకే ఉండిపోవడం మంచిది. పుల్లని పానీయం తాగడం ఇష్టమై, గింజలను రోజూ చూసుకునే ఓపిక ఉన్నవాళ్లకు కెఫీర్ చక్కగా కుదురుతుంది. రుచి కోసం, అలవాటు కోసం ఎంచుకోండి, అద్భుతాల కోసం కాదు.

## ఉప్పులో పులిసిన కూరగాయలు

సౌర్‌క్రాట్‌లో బయటి నుంచి తోడు ఏమీ వేయరు. సన్నగా తరిగిన క్యాబేజీకి దాని బరువులో 2 నుంచి 2.5 శాతం ఉప్పు పట్టించి గాలి తగలకుండా అణిచి పెడతారు. ఆకు మీద సహజంగా ఉన్న బ్యాక్టీరియానే పని మొదలుపెడుతుంది. మొదట ల్యూకోనాస్టాక్ మెసెంటెరాయిడ్స్ విజృంభించి, కార్బన్ డయాక్సైడ్ వదిలి సీసాలోని ఆక్సిజన్‌ను బయటికి నెడుతుంది. పులుపు పెరిగేసరికి అది వెనక్కి తగ్గుతుంది, ఆమ్లాన్ని బాగా తట్టుకునే లాక్టిప్లాంటిబాసిల్లస్ ప్లాంటారమ్ లాంటివి మిగతా పని పూర్తిచేస్తాయి. చివరికి పీహెచ్ 3.5 ప్రాంతానికి వస్తుంది. ఉప్పు తగ్గితే చెడు సూక్ష్మజీవులకు సందు దొరుకుతుంది, మరీ ఎక్కువైతే మంచివి కూడా నెమ్మదిస్తాయి. అందుకే ఉప్పును చెంచాలతో కాకుండా తూకంతో వేయమని చెప్తాను.

ఇంట్లో చేసుకునేవాళ్లకు భద్రత గురించి భయం ఉంటుంది, అది సహజం. బాటులిజం అనే ప్రాణాంతక ఆహార విషం తెచ్చే బ్యాక్టీరియా, పీహెచ్ 4.6 కన్నా కిందికి దిగితే పెరగలేదు. పీహెచ్ చూసే కాగితపు పట్టీలు దగ్గర పెట్టుకుని, 4 కన్నా కిందికి దిగిందని తేల్చుకుంటే ఆ భయం తీరుతుంది. కూరగాయ ముక్కలు ఎప్పుడూ నీటిలో మునిగే ఉండాలి. పైన తెల్లని పలుచటి పొర కట్టడం ఒక రకం ఈస్ట్ వల్ల జరుగుతుంది, తీసేస్తే సరిపోతుంది. రంగులు తేలిన, నూగులా పెరిగిన బూజు కనిపిస్తే మాత్రం మొత్తం పారేయండి, పైపైన తీసి తినొద్దు.

వీటి పెద్ద లోపం ఉప్పు. 100 గ్రాముల సౌర్‌క్రాట్‌లో సోడియం సుమారు 660 మిల్లీగ్రాములు ఉంటుంది. పెద్దవాళ్లు రోజంతటికీ 2,000 మిల్లీగ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బీపీ ఉన్నవాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు బ్యాక్టీరియా కోసం ఈ దారి ఎంచుకోవడం లాభసాటి బేరం కాదు. డిప్రెషన్‌కు, పార్కిన్‌సన్స్ జబ్బుకు వాడే మందుల్లో ఎంఏఓ ఇన్‌హిబిటర్లు అనే రకం తీసుకునేవాళ్లు వీటిని మానేయాలి. పులిసిన కూరగాయల్లో టైరమిన్ అనే పదార్థం ఉంటుంది, ఆ మందుతో కలిస్తే బీపీ ఒక్కసారిగా పైకి లేస్తుంది. హిస్టమిన్ పడనివాళ్లకు కూడా ఇవి ఇబ్బందే.

పాల పదార్థాలు అసలు తినని వాళ్లకు, ఉప్పు భయం లేని వాళ్లకు మాత్రం ఇది మంచి ఎంపిక, పీచు కూడా కలిసొస్తుంది. వండి వేడి చేస్తే బ్యాక్టీరియా పోతుంది కాబట్టి చల్లగానే తినండి.

## క్యాప్సూల్

ఇక్కడ ఆధారాలు అన్నిటికన్నా ఎక్కువ, అంతే చిక్కుగా కూడా ఉన్నాయి. ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2001లో అర్జెంటీనాలోని కార్డోబాలో కూర్చుని ప్రోబయోటిక్ అనే మాటకు నిర్వచనం ఇచ్చారు. బతికున్న సూక్ష్మజీవులు కావాలి, తగినంత మోతాదు కావాలి, తీసుకున్నవాళ్లకు ఆరోగ్యపరమైన మేలు కలగాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా అది ప్రోబయోటిక్ కాదు. దుకాణాల్లో ఆ పేరుతో దొరికేవన్నీ మూడో షరతును నిరూపించుకున్నవి కావు.

పని చేసిన చోట్లు ఉన్నాయి. యాంటీబయోటిక్ వాడే పిల్లలకు వచ్చే విరేచనాల మీద 2019లో కోక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్ష 33 ప్రయోగాలను, 6,352 మంది పిల్లలను కలిపి చూసింది. ప్రోబయోటిక్ తీసుకున్నవాళ్లలో 8 శాతం మందికి విరేచనాలు వస్తే, తీసుకోనివాళ్లలో 19 శాతం మందికి వచ్చాయి. రోజుకు 500 కోట్ల సీఎఫ్‌యూలు, అంతకు మించిన మోతాదులోనే ఫలితం బాగుంది. ముందుకొచ్చిన పేర్లు రెండు: ఇందాక చెప్పిన రామ్నోసస్ జీజీ, సాకరోమైసిస్ బౌలార్డి. రెండోది లాక్టిక్ యాసిడ్ బ్యాక్టీరియా కాదు, ఒక ఈస్ట్.

ఒడిశాలో జరిగిన మరో ప్రయోగం నా దృష్టిలో ఈ రంగానికే గర్వకారణం. 4,556 మంది నవజాత శిశువులకు ప్లాంటారమ్‌లోని ఒక ప్రత్యేక స్ట్రెయిన్‌ను దానికి ఆహారమయ్యే చక్కెరతో కలిపి, లేదా ప్లాసిబోను (మందు లేని ఉత్త పొడిలాంటిదాన్ని), వారం రోజులు ఇచ్చారు. 2017లో నేచర్ పత్రికలో ఫలితం వచ్చింది: సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి రావడం) లేదా మరణం ప్లాసిబో తీసుకున్నవాళ్లలో 9 శాతం, స్ట్రెయిన్ తీసుకున్నవాళ్లలో 5.4 శాతం. పేగులో నిలబడగల స్ట్రెయిన్‌ను ముందే వెతికి పట్టుకుని మొదలుపెట్టిన పని అది.

పని చేయని చోట్లు కూడా అంతే స్పష్టంగా ఉన్నాయి. బ్రిటన్‌లో ఆసుపత్రిలో చేరి యాంటీబయోటిక్ వాడుతున్న 65 ఏళ్లు దాటిన దాదాపు 3,000 మందికి అసిడోఫిలస్, బిఫిడోబాక్టీరియా కలిపి రోజుకు 6,000 కోట్ల బ్యాక్టీరియా ఇచ్చారు. 2013లో వచ్చిన ఫలితం ప్రకారం విరేచనాలు ప్రోబయోటిక్ వాళ్లలో 10.8 శాతం, ప్లాసిబో వాళ్లలో 10.4 శాతం. మోతాదు భారీగా ఉన్నా లాభం లేదు. పిల్లలకు ఇన్ఫెక్షన్ వల్ల వచ్చే వాంతులు, విరేచనాల మీద అమెరికా, కెనడాలలో జరిగిన రెండు పెద్ద ప్రయోగాలు 2018లో బయటికి వచ్చాయి. అమెరికాలో వాడింది అదే రామ్నోసస్ జీజీ, అయినా ప్లాసిబోకు, దానికి తేడా కనబడలేదు. ఒకే స్ట్రెయిన్ ఒక సమస్యకు పనికొచ్చి ఇంకో సమస్యకు పనికిరాకపోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఇజ్రాయెల్‌లోని వైజ్మన్ ఇన్‌స్టిట్యూట్ 2018లో చూసింది ఇంకో కోణం. యాంటీబయోటిక్ తర్వాత 11 స్ట్రెయిన్ల ప్రోబయోటిక్ తీసుకున్నవాళ్లలో, వాళ్ల సొంత పేగు బ్యాక్టీరియా పూర్వస్థితికి రావడం ఏమీ తీసుకోనివాళ్ల కన్నా నెలల తరబడి ఆలస్యమైంది. ప్రయోగం చిన్నది, 21 మందే. విరేచనాలు తగ్గించడం, పేగును పాత స్థితికి తేవడం వేర్వేరు లక్ష్యాలని మాత్రం ఇది గుర్తుచేస్తుంది.

## మీ పరిస్థితిని బట్టి

ఏ ఇబ్బందీ లేనివాళ్లు ఆహారం వైపే ఉండండి. స్టాన్‌ఫర్డ్‌లో 36 మంది ఆరోగ్యవంతుల మీద చేసిన ప్రయోగంలో, 10 వారాలు పులిసిన ఆహారం బాగా పెంచి తిన్నవాళ్లకు పేగు బ్యాక్టీరియా వైవిధ్యం పెరిగింది, రక్తంలో వాపుకు సంబంధించిన 19 ప్రొటీన్లు తగ్గాయి. 2021లో అచ్చయిన ఈ పని చిన్నదే. అందులో నాకు ఆసక్తి కలిగించిన విషయం ఏమిటంటే, కొత్తగా కనిపించిన బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం తిన్న ఆహారంలోంచి వచ్చింది కాదు. పులిసిన ఆహారం పేగులో వేరేవాటికి కూడా చోటు కల్పించినట్టుంది. వాళ్లు తిన్నది ఒక్క పదార్థం కాదు, యోగర్ట్, కెఫీర్, పులిసిన కూరగాయలు కలిపి. కాబట్టి వీళ్లకు ఏది మంచిదన్న ప్రశ్నకు జవాబు, ఇష్టంగా రోజూ తినగలిగిందే.

పాలు అరగనివాళ్లు పెరుగుతో మొదలుపెట్టండి, సందేహం అక్కర్లేదు. వడగట్టిన చిక్కటి యోగర్ట్‌లో లాక్టోజ్ ఇంకా తక్కువ. పాల ప్రొటీన్‌కు అలర్జీ ఉన్నవాళ్ల విషయం ఇది కాదు, వాళ్లకు పెరుగూ కెఫీరూ రెండూ వద్దు.

యాంటీబయోటిక్ వాడే పిల్లల తల్లిదండ్రులు డాక్టర్‌ను స్ట్రెయిన్ పేరు పెట్టి అడగండి. ఇక్కడ పెరుగు క్యాప్సూల్‌కు బదులు కాదు. ఇంకో మాట, సిప్రోఫ్లోక్సాసిన్, టెట్రాసైక్లిన్ రకం మందులు పాలలోని కాల్షియంతో అతుక్కుపోయి ఒంటికి సరిగా పట్టవు. ఆ మందు వేసుకునే సమయానికి, పెరుగు తినే సమయానికి మధ్య ఎంత వ్యవధి ఉండాలో అడిగి తెలుసుకోండి.

గంటల తరబడి ఏడ్చే పసిబిడ్డలకు రూటరీ డీఎస్ఎమ్ 17938 అనే స్ట్రెయిన్ మీద మంచి ఆధారం ఉంది, అది తల్లిపాలు తాగే బిడ్డలకే. డబ్బా పాలు తాగే బిడ్డలకు ఆ మాట చెప్పలేం.

ఐబీఎస్ (తరచూ పొట్టనొప్పి, మలబద్ధకం లేదా విరేచనాలు వచ్చే పేగు సమస్య) ఉన్నవాళ్ల సంగతి కష్టం. అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2020 మార్గదర్శకాల్లో ఐబీఎస్‌కు ప్రోబయోటిక్‌ను ప్రయోగాల్లో భాగంగానే వాడమంది. అయినా ప్రయత్నించాలనుకుంటే ఒకే ఒక్క ఉత్పత్తిని, కొన్ని వారాల గడువు పెట్టుకుని వాడి చూడండి. తేడా తెలియకపోతే ఆపేయండి, ఇంకోటి కలపొద్దు.

ఇక అస్సలు సొంతంగా నిర్ణయం తీసుకోకూడని వాళ్లు ఉన్నారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలు, కీమోథెరపీలో ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్లు, పెద్ద రక్తనాళంలోకి మందులెక్కించే గొట్టం (సెంట్రల్ లైన్) ఉన్నవాళ్లు, ఐసీయూలో ఉన్నవాళ్లు. నెదర్లాండ్స్‌లో క్లోమానికి తీవ్రమైన వాపు వచ్చిన రోగులకు ఆరు స్ట్రెయిన్లు కలిపి ఇచ్చిన ప్రయోగంలో ప్రోబయోటిక్ తీసుకున్న 152 మందిలో 24 మంది, ప్లాసిబో తీసుకున్న 144 మందిలో 9 మంది చనిపోయారు. 2008లో వచ్చిన ఆ ఫలితం ఈ రంగాన్ని కుదిపేసింది. నెలలు నిండని బిడ్డల్లో కొన్ని స్ట్రెయిన్లు పేగు జబ్బును తగ్గించాయన్న ఆధారం ఉన్నా, ఒక బిడ్డ ప్రోబయోటిక్‌లోని బ్యాక్టీరియా రక్తంలో చేరి చనిపోయాక అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023లో ఆసుపత్రులను హెచ్చరించింది. చిన్నపేగును చాలావరకు తీసేసినవాళ్లలో డీ-లాక్టిక్ ఆమ్లం రక్తంలో పేరుకుని మత్తు, తడబాటు వచ్చే ప్రమాదం కూడా ఉంది. వీళ్లంతా తమను చూస్తున్న వైద్యుడు చెప్తేనే మొదలుపెట్టాలి.

## కొనేటప్పుడు లేబుల్ మీద

క్యాప్సూల్ అయితే స్ట్రెయిన్ గుర్తుతో సహా పూర్తి పేరు ఉందో లేదో చూడండి. సీఎఫ్‌యూ సంఖ్య పక్కన "తయారీ నాటికి" అని ఉందా, "గడువు ముగిసేవరకు" అని ఉందా అన్నది ముఖ్యం. నిలవలో కణాలు చచ్చిపోతూనే ఉంటాయి కాబట్టి రెండోది రాసినదే తీసుకోండి. ఎక్కువ స్ట్రెయిన్లు, పెద్ద సంఖ్య ఉంటే ఎక్కువ మేలని లెక్కవేయొద్దు, పరీక్షించిన మోతాదుతో పోల్చండి.

పెరుగు, కెఫీర్ అయితే "పులిసిన తర్వాత వేడిచేసినది" అన్న మాట ఉంటే పక్కన పెట్టేయండి, తర్వాత చక్కెర చూడండి. కూరగాయల సీసా మీద వెనిగర్ అని రాసి ఉంటే, లేదా సీసా ఫ్రిజ్ బయట అరలో ఉంటే అందులో బతికున్న బ్యాక్టీరియా ఉండే అవకాశం తక్కువ. ఇంటికి తెచ్చాక ఏదైనా ఫ్రిజ్‌లో పెట్టండి, క్యాప్సూల్ డబ్బా విషయంలో మాత్రం దాని మీద రాసిన పద్ధతే పాటించండి. కొన్నిటికి చల్లదనం కావాలి, కొన్నిటికి తేమ తగలకపోతే చాలు.